ముత్యాల బాబాయి రాణీరంగు

ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు. వీధి మొత్తానికి ఆయన ముత్యాల బాబాయి. ఆయన ముత్యాలు అమ్మిందీ లేదు, కొన్నదీ లేదు. ఆయన చేతిరాత అలాంటిది. పెన్ను మూత తీసి కాగితం మీద చేయి ఆనించాడంటే అక్షరాలు ఒకే పరిమాణంలో, ఒకే వాలులో, దారానికి గుచ్చినట్టు వచ్చి కూర్చునేవి.

ఆ రాతతోనే ఆయన ఒక అచ్చాఫీసులో వయసంతా గడిపాడు. బళ్ళకీ, కాలేజీలకీ, ఈత పోటీలకీ, కుట్టుపని నేర్పే సంస్థలకీ సర్టిఫికెట్లు వేసే ఆఫీసు అది. అంచున లతలు, పైన ముద్ర, కింద సంతకానికి చోటు, అన్నీ యంత్రం వేసేది. నడుమ ఒక చుక్కల గీత మాత్రం ఖాళీగా వదిలేది. ఆ గీత మీద పేరు రాయడం బాబాయి పని.

"నా చేతి మీదుగా ఎంతమంది డాక్టర్లయ్యారో" అని ఆయన అంటే, "మీరు మాత్రం బాబాయిగానే ఉండిపోయారు" అనేది పిన్ని.

పిన్ని ఆయన భార్య. ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. వెనక్కి వాలే కుర్చీ ఒకటి, ఎదురెదురుగా రెండు అద్దాలు, గోడకి అరలు, అరల నిండా సీసాలు. ముందుగదికీ వంటింటికీ మధ్య ఒక తెర. ఆ తెర ఇవతల పిన్ని మాటే శాసనం. అవతల కూడా అంతే, కాకపోతే అక్కడ బాబాయి ఒప్పుకోడు.

ఆవిడకున్న పెద్ద దిగులు బాబాయి తల. తుమ్మెద రెక్కలాంటి జుట్టు నలభై దాటేసరికి నెరవడం మొదలుపెట్టి, యాభై దాటేసరికి దూదిలా తెల్లబడింది. రంగు వేస్తానంటే వేయించుకోడు.

"వీధిలో ఆడా మగా అందరి తలలూ నా చేతిలోనే నల్లబడ్డాయి. నా ఇంట్లో తల మాత్రం పిండిమరలోంచి లేచొచ్చినట్టు ఉంటుంది. వచ్చినవాళ్ళు మిమ్మల్ని చూసి ఏమనుకోవాలి?"

"ఈ ఇంట్లో నీ చేయి పడని చోటు నా తల ఒక్కటే. దాన్నైనా ఉండనీ."

నిజానికి ఆ తల పూర్తిగా తెల్లనిది కాదు. కుడి చెవి పైన అరచెయ్యంత మేర కాస్త బూడిదరంగు ఉండేది. చూసినవాళ్ళు అక్కడ ఇంకా వయసు రాలేదేమో అనుకునేవారు. అది మిగిలిన నలుపు కాదు, సిరా. బాబాయికి రాసేటప్పుడు పాళీ కొసన సిరా చేరితే చేయి దానంతటదే పైకి లేచి, కుడి చెవి మీది జుట్టుకి పాళీని ఒక్కసారి రాసి, మళ్ళీ కాగితం మీదికి వచ్చేసేది. పని నేర్చుకునే రోజుల్లో పెద్ద రాతగాడు అలాగే చేసేవాడట. ఆయన్ని చూసి పట్టుకున్న అలవాటు. రెప్ప వేసేటప్పుడు రెప్ప వేస్తున్నామని మనకి తెలియనట్టే, బాబాయికి కూడా తను పాళీ తుడుచుకుంటున్న సంగతి తెలిసేది కాదు. పిన్నికి మాత్రం తెలుసు. దిండుగలేబులు ఉతికేది ఆవిడే. అందుకే ఆ ఇంట్లో దిండుగలేబులన్నీ ముదురు నీలమే.

ఇలా సాగుతుండగా అచ్చాఫీసు యజమాని కొత్త యంత్రం కొన్నాడు. అది చుక్కల గీత మీద పేరు కూడా వేసేస్తుంది. యజమాని చెడ్డవాడేం కాదు. బాబాయి చేయి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పంపించాడు. బాబాయే ఆయన్ని ఓదార్చి ఇంటికొచ్చాడు.

ఇంటికొచ్చాక మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం నుంచి చేయి ఊరుకోలేదు. వంటింట్లో డబ్బాలన్నిటికీ కాగితం ముక్కలు అంటించి పేర్లు రాశాడు. ఉప్పు, పప్పు, చక్కెర. ఉప్పు అన్న మాట అంత అందంగా ఎక్కడా రాసి ఉండదు. తర్వాత పార్లర్‌లో సీసాలు. తర్వాత స్విచ్చులు: ఫ్యాను, లైటు, ఇంకో లైటు. చెప్పుల అర మీద చెప్పులు అని రాసి అంటించిన రోజు పిన్ని నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"ఇంక నా నుదుటి మీద పెళ్ళాం అని రాయడమే తరువాయి."

బాబాయి ఆవిడ నుదురు వంక అదేదో కొలుస్తున్నట్టు చూశాడు. ఆవిడ నవ్వింది కానీ, ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మెల్లిగా అడిగింది.

"పని లేకపోతే ఏం? పార్లర్ నడుస్తోంది కదా. మీకెందుకంత బెంగ?"

"తిండికి కాదే. చేతికి ఆకలేస్తోంది" అన్నాడాయన.

మర్నాటి నుంచి పేపర్లో ప్రకటనల పేజీ ముందు పిన్నే చదవడం మొదలుపెట్టింది. మొక్కల మ్యూజియం వాళ్ళ ప్రకటన కంటపడింది కూడా ఆవిడకే.

మొక్కల మ్యూజియం అంటే తోట కాదు. ఎక్కడెక్కడి మొక్కలో కొమ్మతో, పువ్వుతో తెచ్చి, ఎండబెట్టి, దళసరి కాగితాల మీద అతికించి, బీరువాల్లో దాచే చోటు. ప్రతి కాగితానికీ కింద మూలన అగ్గిపెట్టె అంత లేబులు. మొక్క పేరు, దొరికిన చోటు, తెచ్చిన మనిషి. మొదటి నుంచీ ఆ లేబుళ్ళు చేత్తోనే రాస్తున్నారు. రాసే ఆవిడ పని మానుకోబోతోంది. చేత్తో, పాళీతో రాయగలవాళ్ళు కావాలి అని ప్రకటన. బాబాయి ఒక పేజీ రాసి పంపాడు. ఫలానా రోజు పదకొండింటికి రమ్మని జవాబొచ్చింది. ఆ కార్డుని పిన్ని అద్దం చట్రంలో దోపి, వచ్చిన ప్రతి తలకీ చూపించింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే పిన్ని తమ్ముడు దిగాడు. కాగితాలూ పెన్నులూ అమ్మే కంపెనీలో ఊరూరా తిరిగే ఉద్యోగం అతనిది. సంచిలో ఎప్పుడూ శాంపిళ్ళు ఉంటాయి కాబట్టి వీధిలో అతన్ని శాంపిల్ అంటారు. బావని స్కూటరు మీద మ్యూజియంకి దింపుతానని వచ్చాడు. వస్తూనే సంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"బావా, జన్మంతా నీలంనలుపులోనే ఈదావు. ఒక్కసారి ఇందులో దూకి చూడు."

కిటికీలోంచి వచ్చే ఎండ సీసా గుండా పోయి బల్ల మీద పడింది. పడినచోట బల్ల రాణీరంగుకి తిరిగింది. మామూలు గులాబీ కాదు. బట్టల కొట్లో వంద చీరల మధ్య ఉన్నా గుమ్మంలోంచే కనబడే రంగు.

"ఇదేం సిరా రా? దీంతో ఎవరు రాస్తారు?" అన్నాడు బాబాయి, సీసా మీంచి కళ్ళు తీయకుండానే.

"ఆ సంగతి నువ్వే చెప్పాలి. నువ్వు బాగుందంటే కొట్లవాళ్ళకి ధైర్యంగా చెబుతా. బాగోలేదంటే ఇంకా ధైర్యంగా చెబుతా."

బాబాయి దగ్గర రెండు పెన్నులు ఉన్నాయి. సన్నదాంట్లో రాత్రే నీలంనలుపు నింపి, ఉతికిన చొక్కా జేబుకి తగిలించి సిద్ధంగా పెట్టుకున్నాడు. దాన్ని ముట్టుకోకూడదు. రెండోది లావుది, ఇంట్లో వాడేది, ఖాళీగా ఉంది. వెళ్ళేలోగా ఎలాగూ ఒక పేజీ రాసి చేయి సాగదీసుకోవాలి. ఏ రంగుతో సాగదీస్తే ఏమైంది?

లావు పెన్ను పాళీని సీసాలో ముంచి వెనక మర తిప్పాడు. రెండు బుడగలు వచ్చాయి. పెన్ను కడుపునిండా తాగింది. బయటికి తీశాడు. పాళీ కొసన ఒక బొట్టు వేలాడింది. చేయి పైకి లేచింది, చెవి మీది జుట్టుకి రాసింది, దిగింది. బాబాయి చూపు కాగితం మీదే ఉంది.

కాగితం అచ్చాఫీసు నుంచి తెచ్చుకున్న సర్టిఫికెట్ల తుంపులది. నున్నగా, దళసరిగా, సిరా పాకనివ్వని కాగితం. దాని మీద ఒక నిలువు గీత గీశాడు. గీత మొదట్లో రంగు పలచగా ఉంది, ఆగినచోట చిక్కగా ఉంది. ఒక సున్నా చుట్టాడు. సున్నా అడుగున సిరా చేరి, తడి మీద పండులా మెరిసింది. బాబాయి దాన్ని ఊదలేదు. దానంతటది ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఆరాక అంచున సన్నని పచ్చటి మెరుపు తేలింది, ఎండలో ఈగ రెక్క మెరిసినట్టు.

"ఓరి నీ" అన్నాడు సిరాతో.

నీలంనలుపు మర్యాదగా నడిచే సిరా. ఇది అలా కాదు. చెయ్యి పెడితే చాలు పరిగెడుతోంది. ముందు పిన్ని పేరు రాశాడు. ముప్పై ఏళ్ళుగా పిలుస్తున్న పేరు కొత్త బట్టలు కట్టుకుని వచ్చినట్టు కనబడింది. బావమరిది పేరు రాశాడు. పోస్టుమాన్ పేరు, ఎదురింటి పిల్లి పేరు, అచ్చాఫీసు యజమాని పేరు. ఉప్పు అని కూడా రాశాడు. సిరా పరుగు మీదుంది కాబట్టి పాళీ కొసన మాటిమాటికీ బొట్టు చేరేది. ప్రతి పేరుకీ చేయి ఒకసారి పైకి వెళ్ళి వచ్చేది. బావమరిది ఇడ్లీ తింటూ సంచి సర్దుకుంటున్నాడు, అతనూ చూడలేదు.

తెర అవతల పిన్ని మందులషాపు అక్కకి మొహానికి ముల్తానీ మట్టి పట్టిస్తోంది. మందులషాపు అక్క నాలుగిళ్ళ అవతల షాపు నడిపే మనిషి, నవ్వు మొదలుపెడితే ఆపలేని మనిషి. "ఆరేదాకా నవ్వకు, మాట్లాడకు. పగుళ్ళిస్తుంది" అని చెప్పి పిన్ని టైము చూసుకుని, తెర తీసి తల లోపలికి పెట్టింది.

"ఏవండీ, లేవండి. చొక్కా..."

మాట అక్కడే ఆగిపోయింది.

"ఏంటే?"

"మీ తలలో ఏంటది?"

"ఏముంది? చుండ్రా?"

పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని తెర అవతలికి లాక్కెళ్ళి అద్దం ముందు నిలబెట్టింది. తెల్లటి తల. కుడి చెవి పైన అరచెయ్యంత మేర రాణీరంగు, చిలక ముక్కుతో పొడిచి పొడిచి పూసినట్టు. ఎదురద్దంలో అది వెనక నుంచి కూడా కనిపించింది. కుర్చీలో ఉన్న మందులషాపు అక్క కళ్ళు మాత్రం తెరిచి చూసింది. చూసి గట్టిగా మూసుకుంది. మట్టి కింద బుగ్గలు వణికాయి.

"నవ్వకు" అంది పిన్ని.

"ఊఁ" అంది ఆవిడ ముక్కుతో.

నీలంనలుపుని ఇన్నేళ్ళు దాచిపెట్టిన జుట్టు, ఈ రంగుని ఒక్క పూట దాచలేకపోయింది.

"కడిగితే పోతుందిలే" అన్నాడు బావమరిది గుమ్మంలోంచి, ఇడ్లీ మింగుతూ. "నీళ్ళతో పోయే సిరా అని అట్ట మీద రాసుంది."

పిన్ని ఆయన తల తొట్టిలోకి వంచి షాంపూ పోసి రుద్దింది. నీళ్ళతో పోయే సిరా నీళ్ళతో పోయింది, నిజమే. చెవి పైనుంచి పోయి చుట్టుపక్కలకి పాకింది. తలెత్తి చూసేసరికి అరచెయ్యంత ఉన్నది కుడిపక్క అంతా అయింది. తువ్వాలు కూడా రంగు తేలింది.

మందులషాపు అక్క మొహం మీద మొదటి పగులు వచ్చింది.

"అట్ట మీద రాసింది ఎవర్రా?" అంది పిన్ని తమ్ముడితో.

"మా కంపెనీ వాళ్ళే."

"వాళ్ళ తలలు నా దగ్గరికి పంపించు."

బాబాయి అద్దంలో తనని తాను చూసుకున్నాడు. అద్దం చట్రంలో దోపిన మ్యూజియం కార్డు ఆయన మొహం పక్కనే ఉంది. ముప్పై ఏళ్ళలో అనని మాట అన్నాడు.

"నల్లరంగు వేసెయ్యి."

పిన్ని చేతిలో దువ్వెన జారిపోయింది. ఈ మాట కోసం ఆవిడ ఎన్నాళ్ళు ఎదురుచూసిందో ఆ గదిలో ఉన్న సీసాలన్నిటికీ తెలుసు. గబగబా రంగు కలిపింది. కలిపి, ముందు ఒక్క పోగుకి రాసి చూసింది. ఎంత తొందరలో ఉన్నా చూడకుండా వేసే మనిషి కాదు. కాసేపటికి ఆ పోగు వంకాయరంగుకి తిరిగింది.

"వద్దు" అంది గిన్నె పక్కన పెట్టేసి. "తడి సిరా మీద ఇది పట్టదు. తల మొత్తం వంకాయైపోతుంది. రెండుసార్లు తలంటి, ఆరబెట్టి అప్పుడు వెయ్యాలి. అంత టైము లేదు."

"పోనీ వెళ్ళనులే. వేరే ఏదైనా..."

"ఏంటి వెళ్ళనులే? పేపర్లో మళ్ళీ ఎప్పుడు పడుతుంది అలాంటిది? చేతికి ఆకలన్నది మీరే కదా?" ఆవిడ ఉతికిన చొక్కా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "తల కోసం పిలవలేదు వాళ్ళు. నడవండి."

బావమరిది సంచి వెతికి ఒక టోపీ తీశాడు. కంపెనీ వాళ్ళు పంచిపెట్టే టోపీ. పసుపుపచ్చది, ముందు పక్క పెన్సిలు బొమ్మ. బాబాయి తలకది రెండు చెవుల మీదికీ దిగింది.

"ఎలా ఉన్నాను?"

మందులషాపు అక్క మొహం మీది మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఒళ్ళో రాలింది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. స్కూటరు మీద గాలి కూడా వేడిగానే కొట్టింది. మ్యూజియం వరండాలో బల్ల మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. ముగ్గురివీ చక్కగా దువ్విన నల్లటి తలలు, జేబుల్లో కొత్త పెన్నులు. టోపీ వంక చూసి జరిగి చోటిచ్చారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి వచ్చారు. ఆఖరికి బాబాయిని పిలిచారు.

గది పొడుగ్గా ఉంది. గోడలకి ఇనప బీరువాలు. ఎండుటాకుల వాసన, దానితో కలిసి కలరా ఉండల వాసన. పెద్ద బల్ల వెనక డైరెక్టరు కూర్చున్నాడు, నలభై ఏళ్ళుండే మనిషి, మెత్తగా మాట్లాడతాడు. పక్కనే కిటికీ దగ్గర ఇంకో చిన్న బల్ల. అక్కడ ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి చూడకుండా లేబులు రాస్తోంది. తెల్లటి జుట్టు ముడి వేసుకుంది. పని మానుకోబోయేది ఆవిడే. అక్కడ అందరూ ఆవిడని పెద్దమ్మ అంటారు.

"కూర్చోండి. టోపీ తీసెయ్యొచ్చు, ఇక్కడ ఫ్యాను ఉంది" అన్నాడు డైరెక్టరు.

"ఫర్వాలేదండీ. కొంచెం జలుబు."

"ఈ ఎండలోనా?"

"ఎండ జలుబండీ."

డైరెక్టరు ఆయన పంపిన పేజీ ముందు పెట్టుకుని అచ్చాఫీసు గురించి అడిగాడు. బాబాయి చెబుతున్నాడు. టోపీ లోపల తల ఉడుకుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. చెవి పక్కనుంచి ఏదో వెచ్చగా మెడ దాకా జారింది. డైరెక్టరు మొహం ఒక్కసారిగా మారిపోయింది.

"అయ్యో, తలకి దెబ్బ తగిలింది మీకు. రక్తం కారుతోంది. ముందే చెప్పొద్దూ? ఎవరక్కడ, దూది తీసుకురండి."

బాబాయి మెడ తడుముకుని వేళ్ళు చూసుకున్నాడు. దెబ్బే తగిలిందంటే సరిపోయేది. జాలిపడేవారు కూడా. కానీ దూది వచ్చేసరికి దెబ్బ చూపించాలి కదా.

"రక్తం కాదండీ. సిరా" అన్నాడు. అని, టోపీ తీసేశాడు.

డైరెక్టరు చూశాడు. చూసి, పైన తిరుగుతున్న ఫ్యాను వంక మొహం తిప్పుకుని కాసేపు దాన్నే చూశాడు. పెదవులు గట్టిగా బిగించాడు. కిటికీ దగ్గర పెద్దమ్మ కలం ఆగింది. ఆవిడ మొదటిసారి వెనక్కి తిరిగింది.

బాబాయి దాచకుండా అంతా చెప్పాడు. బావమరిది తెచ్చిన సీసా, లావు పెన్ను, పరిగెత్తే రంగు, కడిగితే పాకడం, వంకాయరంగు పోగు. పెన్సిలు టోపీ వరకూ వచ్చేసరికి డైరెక్టరు జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తేరుకున్నాక గొంతు సవరించుకున్నాడు.

"చూడండి, తప్పుగా అనుకోకండి. మా దగ్గర రంగు సిరాలు వాడం. ఒకే ఒక్క నలుపు. అదీ నీళ్ళు పడినా చెదరనిది."

"తెలుసండీ. ఇది ఊరికే సరదాకి" అన్నాడు బాబాయి. ఇక లేవాలేమో అనుకుని టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"కుడిపక్కే ఎందుకు?"

అడిగింది పెద్దమ్మ.

"కుడిచేత్తో రాస్తానమ్మా. పాళీ తుడుచుకునేది కుడి చెవి మీదే."

"గుడ్డ పెట్టుకోవచ్చుగా?"

"గుడ్డకి నూగుంటుందమ్మా. పాళీ చీలికలో ఒక్క నూగు ఇరుక్కుంటే చాలు, అక్షరాలకి మీసాలొస్తాయి. జుట్టుకి ఆ బాధ లేదు."

పెద్దమ్మ తన బల్ల దగ్గరున్న కుర్చీ చూపించింది. ముందు ఒక ఖాళీ లేబులు పెట్టి, తన చేతిలోని కలం ఇచ్చింది. ముంచి రాసే పాత కలం అది. నల్ల సిరా బుడ్డి దగ్గరికి జరిపి, ఒక మొక్క పేరున్న కాగితం పక్కన పెట్టింది.

"రాయండి."

కలం చేతిలోకి రాగానే బాబాయికి టోపీ, తల, డైరెక్టరు, వరండాలో ముగ్గురు, అందరూ దూరంగా జరిగిపోయారు. ముంచాడు, బుడ్డి అంచుకి ఒకసారి తాకించాడు, రాశాడు. అగ్గిపెట్టె అంత చోటులో మూడు వరుసలు. ఆఖరి అక్షరానికి అలవాటుగా చిన్న తోక తిప్పాడు. చేయి కాగితం మీంచి లేచింది. లేచి, కుడి చెవి వైపు బయల్దేరింది. సగం దూరం వెళ్ళాక తన చేతిని తనే చూసుకుని, గాల్లో ఆపేశాడు.

"ఆగారేం? కానివ్వండి" అంది పెద్దమ్మ.

రాణీరంగు మీద ఒక నల్లగీత పడింది.

పెద్దమ్మ డైరెక్టరు వైపు తిరిగింది. ఎడమచేత్తో తన ముడి కొద్దిగా పైకెత్తింది. ఎడమ చెవి వెనక, తెల్లజుట్టు కింద, దాచిపెట్టినట్టు నల్లటి పాయ ఒకటి ఉంది. ఆవిడది ఎడమచేతి వాటం.

"నీకు తెలీదు కదూ, బాబూ? పదిహేనేళ్ళుగా పక్కనే కూర్చుంటున్నావు" అంది నవ్వుతూ. "ఇందాక వచ్చిన ముగ్గురికీ రాత బాగానే ఉంది. ఒకాయన జేబురుమాలు తీశాడు. ఒకాయన కలం నేల మీద విదిలించాడు. ఇంకొకాయన తుడవనే లేదు. కలంతో బతికారా, కలం కొనుక్కుని వచ్చారా అన్నది రాత కంటే ముందు చేయి చెబుతుంది."

"అంటే ఈయనే అంటారా?"

"ఉండు, చూడనీ." ఆవిడ భూతద్దం తీసి లేబులు మీద పెట్టింది. చాలాసేపు చూసింది. "వాలు సరిపోయింది. అక్షరాల మధ్య ఎడం సరిపోయింది. ఇదిగో, ఈ తోక ఏంటి?"

"అలవాటమ్మా. సర్టిఫికెట్లకి..."

"ఇది గడ్డిమొక్క. ఇదేం డిగ్రీ పాసవలేదు. తోక తీసెయ్యండి."

బాబాయి ఇంకో లేబులు రాశాడు. ఆఖరి అక్షరం దగ్గర చేయి తోక తిప్పబోయింది. ఆపాడు. ఆపడం రాయడం కంటే కష్టమైంది. పెద్దమ్మ దాన్ని తను రాసిన లేబులు పక్కన పెట్టి డైరెక్టరుకి చూపించింది. ఏది ఎవరిదని అడిగితే ఆయన తప్పు చెప్పాడు.

"సోమవారం నుంచి రండి. నెలరోజులు నా పక్కన కూర్చుంటే ఆ తోకలు పూర్తిగా రాలిపోతాయి" అంది పెద్దమ్మ. బాబాయి దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. గొంతు తగ్గించింది. "ఆ సీసాలో ఇంకా ఉందా?"

"ఉందమ్మా. చాలా ఉంది."

"వచ్చేటప్పుడు తీసుకురండి. ఇన్నేళ్ళు నలుపే రాశాను. వెళ్ళేముందు నేనూ ఒకసారి చూస్తాను."

బయట స్కూటరు మీద కూర్చున్న బావమరిది టోపీ లేకుండా వస్తున్న బావని చూసి పని చెడిందనుకున్నాడు. మొహం చూసి మనసు మార్చుకున్నాడు.

ఇంటి దగ్గర పార్లర్ తలుపు బార్లా తీసి ఉంది. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. వెనకే మందులషాపు అక్క, మొహం కడుక్కుని, ఇంటికి వెళ్ళకుండా కూర్చుంది. బాబాయి మెట్టెక్కి, చొక్కా జేబులో సన్నపెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. దాని మూత కూడా తీయాల్సిన పని పడలేదు.

"ఏమైందండీ? తల చూసి ఏమన్నారు?"

"తల చూసే ఇచ్చారే."

పిన్ని నమ్మలేదు. మొదటి నుంచీ రెండుసార్లు చెప్పించుకుంది. పెద్దమ్మ ముడి ఎత్తిన దగ్గర మూడోసారి కూడా చెప్పించుకుంది. అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని, కొంగు దోపి, కుర్చీ వెనక్కి వాల్చింది.

"కూర్చోండి. తలంటుతాను. పొద్దున్న నల్లరంగు వేయమని మీ నోటితో మీరే అన్నారు. గిన్నెలో మళ్ళీ కొత్త రంగు కలుపుతాను."

"పొద్దున్న సంగతి వేరు. ఇప్పుడు ఈ తల ఉద్యోగస్తుడిది. అడక్కుండా ముట్టుకోకూడదు."

"అబ్బో."

మందులషాపు అక్క అప్పటిదాకా బాబాయి తల వంకే చూస్తోంది. లేచి వచ్చి దగ్గర్నుంచి చూసింది. అద్దంలో తన జుట్టు ఒక పాయ పట్టుకుని చూసుకుంది.

"అక్కా, నాకు ఒక్క పాయకి ఈ రంగు వేస్తావా? ఇక్కడ, చెవి పక్కన. షాపులో కూర్చుంటే బయటికి కనబడాలి."

పిన్ని ఒకసారి ఆవిడ వంకా, ఒకసారి మొగుడి వంకా చూసింది. అలాంటి రంగు తన అరల్లో ఏ సీసాలో దొరుకుతుందో వెతకడానికి లేచింది. వెతుకుతూనే అంది.

"ఏవండీ, ఖాళీగా ఉన్నారుగా. గుమ్మానికి కట్టడానికి బోర్డు ఒకటి రాయండి. రాణీరంగు వేయబడును అని. ఆ సిరాతోనే రాయండి. తోక పెట్టి మరీ రాయండి, ఇది మ్యూజియం కాదు."

బాబాయి అప్పటికే లావు పెన్ను మూత తీశాడు. పాళీ కొసన బొట్టు నిలిచింది. చేయి పైకి లేచింది.

"ఎడమపక్క" అంది పిన్ని వెనక్కి తిరగకుండానే. "కుడిపక్క చెమటకి తడిగా ఉంది."